ఉప్పుటేటిలో మునిగిన మరబోటును పొక్లెయిన్‌తో లాగొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా చెప్పుకుంటాను. గోదావరి గౌతమి పాయ చివర మీ ఊరి ఉప్పుటేరు మొగకి (సముద్రంలో కలిసే చోటుకి) కాస్త ఇవతల, తుఫానుకి 50 అడుగుల చెక్క మరబోటు మునిగింది. పాటులో, అంటే సముద్రపు నీరు తీసినప్పుడు, అక్కడ పన్నెండు అడుగుల లోతు ఉంటే, బోటు క్యాబిన్ మీద మూడు అడుగుల నీళ్లే ఉంటున్నాయి. రెండు బోట్లకి ఇప్పటికే అడుగు తగిలింది. యజమాని "నేను వదిలేశాను, మీ ఇష్టం" అంటున్నాడు. ఊళ్లో చందాలు పోగుచేశారు. గట్టు మీద రెండు పొక్లెయిన్లు పెట్టి వైరు రోప్‌తో లాగేయాలా, ముక్కలుగా కోయించాలా అన్నది మీ సందేహం.

లాగకండి. బురద తీసి, కింద నుంచి బెల్టులు వేసి, పోటు మీద లేపండి. ఒకవేళ చెక్క పూర్తిగా చివికిపోయి ఉంటే అప్పుడు ముక్కలు చేయడమే మేలు. ఆ సంగతి కింద చెబుతాను. ఈ రెండింటికీ ముందు ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది: బోటు ఎక్కడుందో రాత్రిపూట కూడా కనిపించేలా గుర్తు పెట్టడం.

నాది కాకినాడ జగన్నాథపురం. లంగరేసిన ఓడలకి బియ్యం మోసే బార్జీల మీద కలాసీగా మొదలుపెట్టి, బార్జీ నడిపే సరంగునయ్యాను. చివరి పద్దెనిమిదేళ్లు మునిగిన బోట్లు, బార్జీలు తీసే పనిలోనే ఉన్నాను. ఉప్పుటేళ్లలో, వాణిజ్య కాలువ నోట్లో, మొగల దగ్గర తీసినవే ఎక్కువ. మీరు చెప్పిన బోటులాంటివి ఎన్నో తీశాను. ఒకటి రెండు పాడు కూడా చేశాను.

బోటును పట్టుకుని ఉన్నది దాని బరువు కాదు, బురద

పొక్లెయిన్ ఆపరేటర్ని అడిగితే "ఎన్ని టన్నులుంటుంది?" అంటాడు. మీరు "ముప్పై" అంటారు. "నా బండి లాగేస్తుంది" అంటాడు. ఆ లెక్కే తప్పు.

నీళ్లలో చెక్కకి బరువు దాదాపు ఉండదు. నానిన చెక్క కొంచెం మునుగుతుంది, అంతే. ఇంజను, గేర్ బాక్సు, షాఫ్టు కలిపి రెండు టన్నులనుకోండి. వలలు, వించి, వల నోరు తెరిచి ఉంచే బోర్డులు, లంగర్లు ఇంకో టన్ను, టన్నున్నర. అసలు బరువు చేపల గదిలో చేరిన ఒండ్రుది. ఘనమీటరు తడి ఒండ్రు బయట టన్నున్నర పైన తూగుతుంది. నీళ్లలో అది సుమారు అర టన్ను, ఆరు వందల కిలోలు. మీ బోటులో పన్నెండు ఘనమీటర్లు చేరిందనుకుంటే ఏడు టన్నులు. అంతా కలిపి నీటి కింద పది, పన్నెండు టన్నుల మాట. పంపుతో ఆ ఒండ్రు తోడేస్తే సగానికి పైగా బరువు అక్కడే పోతుంది.

ఇంకా ఉన్నది పట్టు. బోటు అడుగు మెత్తటి బురదలో కూరుకుపోయాక కిందకి నీళ్లు వెళ్లే దారి ఉండదు. పైకి లాగితే కింద ఖాళీ ఏర్పడాలి, ఆ ఖాళీలోకి నీళ్లు రావాలి. అవి రాకపోతే బురద మొత్తం బోటుతో కలిసి లేవాలి. పొలంలో దిగబడిన గేదెని తాడేసి లాగితే ఏమవుతుందో చూశారు కదా. పక్కన తవ్వి, నీళ్లు పోసి, కాళ్లు ఒక్కొక్కటే వదులు చేస్తేనే అది లేస్తుంది. ఇక్కడా అంతే. బురద పట్టు బలానికి లొంగదు, సమయానికి లొంగుతుంది. ఒక మోస్తరు బలంతో బిగించి గంటల తరబడి అలాగే ఉంచితే నీళ్లు మెల్లగా కిందకి ఇంకి, ఒక్కసారిగా వదులుతుంది. పొక్లెయిన్‌కి ఆ ఓపిక ఉండదు. ఒక్క ఊపు ఊపుతుంది. బురద వదలకముందే చెక్క వదిలేస్తుంది.

నేను పాడు చేసినవాటిలో ఒకటి అలాగే పోయింది. పదిహేనేళ్ల కిందటి మాట. వేటనిషేధం అయిపోవస్తోంది, చివరి రోజు అర్ధరాత్రి దాటితే బోట్లన్నీ బయలుదేరాలి, దారిలో ఒక బోటు పడుంది. అందరూ తొందరపెట్టారు, నేనూ తలూపాను. వెనక కొసకి వైరు వేసి గట్టు మీద నుంచి లాగాం. పెద్ద చప్పుడుతో వెనక భాగం మొత్తం ఊడి గట్టుకి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. ఇంజను, దాని కింది దిమ్మలు, అడుగుదూలం సగం అక్కడే ఉండిపోయాయి. మునిగిన బోటుకి ఆకారం ఉంటుంది, పట్టుకోవడానికి చోటుంటుంది. బురదలో పైకి పొడుచుకొచ్చిన బోల్టులతో ఉన్న ఇంజను దిమ్మకి అదేమీ ఉండదు. దాన్ని వెతికి తీయడానికి నెలన్నర పట్టింది. ఈలోగా ఒక కుటుంబం బోటు అడుగు దాని మీద చీరుకుపోయింది. మనిషికి ఏమీ కాలేదు, కానీ ఆ సీజన్ వేట పోయింది వాళ్లకి. అప్పటి నుంచి ఎవరెంత తొందరపెట్టినా నేను లాగలేదు.

మరి కచ్చులూరులో లాగారు కదా అంటారేమో

అంటారు, అందరూ అంటారు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటు రాయల్ వశిష్ఠను అక్టోబర్ 22న బయటికి తీసింది కాకినాడ నుంచి వెళ్లిన ధర్మాడి సత్యం బృందమే. లంగర్లు, వైరు రోప్‌లు వేసి గట్టు వైపు లాగారు. కానీ అక్కడి పరిస్థితి వేరు. కొండల మధ్య ఇరుకు, చాలా లోతు, పైన వరద. పెద్ద తేలే క్రేను అక్కడికి చేరే దారే లేదు. లాగడం తప్ప మార్గం లేని చోట లాగారు. అదీ ఒక్క ఊపున కాదు. మొదటి విడతలో రోప్ తెగింది, వరద పెరిగి పని ఆగింది, తగ్గాక మళ్లీ మొదలుపెట్టారు, డైవర్లు దిగి బోటుకి తాళ్లు కట్టాక కొంచెం కొంచెంగా జరిపారు. అంత జాగ్రత్తపడినా పై భాగం విడిపోయింది. ఆ బృందం పట్టుదలకి నేను చేతులెత్తి మొక్కుతాను. మీ ఉప్పుటేరు పన్నెండు అడుగుల లోతు, రోజూ పోటు వచ్చే చోటు. మీకున్న సౌకర్యం వాళ్లకి లేదు.

మీకు దగ్గరగా ఉండే ఉదాహరణ విజయవాడది. 2024 సెప్టెంబర్ 1న కృష్ణ వరదలో పెద్ద పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకి అడ్డం పడ్డాయి. మొదట క్రేన్లతో ప్రయత్నించారు, నీటి కింద కోత మొదలుపెట్టారు. చివరికి పని చేసింది మన పాత పద్ధతి: రెండు పడవలను ఇనుప గడ్డర్లతో జతచేసి, మధ్యలో మునిగిన పడవను గొలుసులతో పట్టుకుని, తేల్చి తీసుకుపోవడం. మీకు చెప్పబోయేది దాని తమ్ముడే. మనకి అదనంగా సముద్రం కూలీ లేకుండా పని చేసిపెడుతుంది.

పంచాంగం చూసి పని పెట్టుకోండి

మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పోటుకీ మధ్య పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అంటే రోజురోజుకీ దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇది మీ ఊళ్లో వేటకెళ్లే ప్రతివాడికీ తెలుసు. కానీ బోటు తీసే పనికి దీన్ని వాడుకోవడం చాలామందికి తట్టదు.

అష్టమి తర్వాత ఒకటి రెండు రోజులు నీటి లాగుడు బాగా తగ్గుతుంది. డైవర్లు దిగాల్సింది అప్పుడు. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు పోటు ఎక్కువగా ఎక్కుతుంది, పాటు బాగా తీస్తుంది. లేపాల్సింది అప్పుడు. మధ్యలో దొరికే అయిదారు రోజులు ఒండ్రు తోడటానికీ, బెల్టులు వేయటానికీ. నేను ఏ పని ఒప్పుకున్నా మొదట తేదీలు అష్టమి నుంచే లెక్క వేస్తాను. ఆ మాట విన్న ఇంజినీర్లు మొదట్లో వింతగా చూసేవారు. పోర్టు వాళ్లు ఇచ్చే పోటు పట్టికతో పోల్చి చూపిస్తే ఒప్పుకునేవారు. మీరూ ఆ పట్టిక తెచ్చుకోండి. పంచాంగం రోజు చెబుతుంది, పట్టిక గంట చెబుతుంది.

మన దగ్గర పోటుకీ పాటుకీ తేడా పెద్ద తిథుల్లో కూడా మీటరున్నర లోపే. గుజరాత్ వైపు ఉన్నంత ఉండదు. కాబట్టి ఒక్క పోటుకి బోటు గట్టెక్కదు. నాలుగైదు పోట్లు పడుతుందని ముందే అనుకోండి.

లేపే పని ఎలా నడుస్తుందంటే

ముందు చేపల గది మూతలు తీసి, మడ్ పంపుతో ఒండ్రు తోడాలి. అదే సమయంలో అగ్నిమాపక పంపులాంటి దాని నాజిల్‌తో బోటు పక్కల నీళ్లు కొట్టి, అడుగు కింద దారులు చేయాలి. డీజిల్ ట్యాంకు ఇంకా నిండుగా ఉంటే దీనికంటే ముందు దాన్ని తోడించండి. చెడిపోయిన ట్యాంకు లేపేటప్పుడు పగిలితే ఆ నూనె పోటుతో మడ చెట్ల వేళ్లలోకి ఎక్కుతుంది, పీతలు, రొయ్య పిల్లలు పెరిగే చోటది. ఒకసారి ఎక్కిన నూనెని అక్కణ్నుంచి ఎవరూ కడగలేరు.

తర్వాత రెండు చోట్ల బెల్టులు. ముందు బెల్టు సులువు. ముక్కు కింద నుంచి సన్నటి వైరు దూర్చి, అటూ ఇటూ రెండు చిన్న బోట్లతో రంపం లాగినట్టు లాగుతూ పోతే అది అడుగు కిందకి జరుగుతుంది. ఆ వైరుకి బెల్టు కట్టి అవతలికి లాక్కోవాలి. వెనక బెల్టు కష్టం. ఫ్యాను (నీళ్లలో తిరిగి బోటును నడిపే రెక్కలు), షాఫ్టు, చుక్కాని మీద బరువు పడకూడదు, పడితే అవి విరిగి బెల్టు జారిపోతుంది. వాటికి ముందుగా, ఇంజను దిమ్మల కింద పడేలా వేయాలి. చెక్క బోటుకి ఎప్పుడూ వెడల్పాటి బెల్టే వాడండి, వైరు వద్దు. నానిన పలకని వైరు జున్ను కోసినట్టు కోస్తుంది.

పైన రెండు పాంటూన్లు (నీటి మీద తేలే వెడల్పాటి పెట్టెలు), లేదా రెండు గట్టి బోట్లు. వాటి మధ్య అడ్డంగా గడ్డర్లు. పదిమీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు పాంటూన్ అనుకోండి. అది పది సెంటీమీటర్లు మునిగితే మూడు టన్నులు మోస్తుంది. రెండూ కలిపి ఆరు టన్నులు. బరువూ బురద పట్టూ కలిపి ఇరవై నాలుగు టన్నులు లేపాలనుకుంటే రెండూ నలభై సెంటీమీటర్లు మునగాలి. అంటే మీకు దొరికే మీటరు ఇరవై సెంటీమీటర్ల పోటులో మొదటి నలభై పాంటూన్లు మునగడానికే పోతుంది, మిగిలిన ఎనభై సెంటీమీటర్లే బోటు లేస్తుంది. ఈ లెక్క వేయకుండా పోయి, పోటంతా అయిపోయినా బోటు కదల్లేదేమిటని తలపట్టుకున్నవాళ్లని చూశాను.

పాటు పూర్తిగా తీసినప్పుడు చైన్ బ్లాకులతో (గొలుసు లాగి బరువు ఎత్తే కప్పీలతో) బెల్టులు బిగించాలి. పోటు ఎక్కుతుంటే పాంటూన్లు మెల్లగా మునుగుతాయి, తాళ్లు మూలుగుతాయి. చాలాసేపు ఏమీ జరగదు. ఓపిక పట్టాల్సింది అప్పుడే. ఆ గంటలోనే ఎవరో ఒకరు "కాస్త పొక్లెయిన్‌తో చెయ్యేద్దాం" అంటారు. వద్దనండి. బురద వదిలినప్పుడు పాంటూన్లు ఒక్కసారి కుదుపుకి లోనై పైకి లేస్తాయి, అందుకే వాటి మీద ఆ సమయానికి మనుషులు ఉండకూడదు. వదిలాక, బోటు వేలాడుతుండగానే, పోటు దిగకముందే, గట్టు వైపు నెమ్మదిగా జరిపి అడుగు తగిలేదాకా తీసుకుపోవాలి. మళ్లీ పాటు, మళ్లీ బిగింపు, మళ్లీ పోటు.

తాళ్ల కోణం గురించి ఒక్క మాట, ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. తాళ్లు నిటారుగా ఉంటే బరువు సగం సగం పంచుకుంటాయి. రెండూ బాగా వాలి నీటి మట్టానికి ముప్పై డిగ్రీలకి వచ్చాయంటే ఒక్కో తాడు మీద మొత్తం బరువంత లాగుడు పడుతుంది. కాబట్టి గడ్డర్ల మీద తాళ్లు కట్టే చోట్ల మధ్య దూరం బోటు వెడల్పుకి సరిపోయేలా చూసుకోండి.

అసలు ప్రమాదం నీటి కింద కాదు, నీటి అంచున

బోటు అంచు నీటిపైకి కనపడగానే జనం కేకలు వేస్తారు, పని అయిపోయిందనుకుంటారు. తాళ్లు తెగేది సరిగ్గా అప్పుడే. నీటి కింద ఉన్నంతసేపు బోటులోపలి నీళ్లకి బరువు లేదు. అంచు బయటికి వచ్చిన క్షణం నుంచి, బయటి నీటి మట్టానికి పైన లోపల నిలిచిన ప్రతి ఘనమీటరు నీరూ టన్ను బరువు. అలా ఇరవై ఘనమీటర్లు ఉంటే ఇరవై టన్నులు కొత్తగా వచ్చి తాళ్ల మీద కూర్చుంటాయి. పైగా ఆ నీళ్లు ఒకవైపు పరిగెత్తి బోటును తిప్పేస్తాయి.

అందుకే అంచు అడుగు ఎత్తు బయటపడగానే ఆపండి. పెద్ద పంపులు రెండు మూడు ఒకేసారి వేసి తోడండి. కన్నాలు కనిపించినచోట గోనెసంచులు, రబ్బరు, చెక్క మేకులతో మూయండి. పంపులు తోడేది లోపలికి వచ్చేదాన్ని మించినప్పుడు బోటు తనంతట తనే లేస్తుంది. చాలా బోట్లు అక్కణ్నుంచి తేలి, లాగుడు లేకుండా గట్టుకి వచ్చాయి.

మరి కోయించేది ఎప్పుడు?

డైవర్ని దింపి, ఇనుప గునపంతో పక్క పలకలు, అడుగుదూలం నాలుగైదు చోట్ల పొడిచి చూడమనండి. గునపం సులువుగా దిగిపోతే ఆ చెక్క బెల్టుల మీద నిలవదు. మధ్యలో నడుం విరిగి ఉన్నా అంతే. ఏటినీరు బోటు రెండు కొసల దగ్గర వేగం పుంజుకుని అక్కడి మట్టి తవ్వుకుపోతుంది, మధ్యలో మాత్రం దిబ్బ మిగులుతుంది, కొన్నాళ్లకి బోటు దాని మీద వాలి విరుగుతుంది. అలాంటప్పుడు పాంటూన్ మీద పొక్లెయిన్ పెట్టి, ముక్కలు ముక్కలుగా ఎత్తి బార్జీలో వేయించండి. పొక్లెయిన్‌కి సరైన పని అదే. షరతు ఒకటి: ఇంజను, అడుగుదూలం, వలలు, ఇనుప సామాను ఏమేమి బయటికి వచ్చాయో కాగితం మీద రాసుకుంటూ, చివర్లో యజమాని చెప్పిన జాబితాతో సరిచూడాలి.

ఇనుప బోటయితే నీటి కింద గ్యాసు కోత ఒక మార్గం. అది చూసినంత సులువు కాదు. మూసుకున్న గదుల్లో కోత గ్యాసు చేరి పేలుతుంది. ఆ పని వచ్చినవాళ్లే చేయాలి. మందుగుండు ఆలోచన మాత్రం వద్దే వద్దు. కోరింగ అభయారణ్యం 1978 నుంచి ఉంది. మీ ఏరు దాని హద్దుల్లోకి వస్తే ఏ పనికైనా ముందు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. వైరుని మడ చెట్లకి కట్టి ఊతం తీసుకోవడం కూడా నేరమే, పైగా ఆ చెట్లు ఆ లాగుడుకి నిలవవు.

ఇవాళే పెట్టాల్సిన గుర్తు

2002 డిసెంబర్‌లో ఇంగ్లీషు చానల్‌లో ట్రైకలర్ అనే కార్ల ఓడ మునిగింది. గుర్తులున్నా, గస్తీ ఉన్నా, తర్వాత మరో రెండు ఓడలు వచ్చి దాన్నే ఢీకొన్నాయి. ఆ తర్వాతే కొత్తగా మునిగిన ఓడలకి ప్రత్యేకంగా నీలం, పసుపు నిలువు చారల బోయా (నీటి మీద తేలే గుర్తు) పెట్టే పద్ధతి వచ్చింది, దీపం కూడా నీలం, పసుపు మార్చి మార్చి వెలుగుతుంది. అంత పెద్ద దారిలోనే అలా జరిగితే నలభై మీటర్ల ఏటిలో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మీ దగ్గర బోయా లేదు కాబట్టి రెండు ప్లాస్టిక్ డ్రమ్ములకి నీలం, పసుపు రంగులు వేసి, రాళ్ల లంగర్లతో బోటు రెండు కొసల దగ్గర కట్టండి. మీద సోలారు దీపం. ఒక్క వెదురు గెడకి ఎర్రగుడ్డ కట్టి వదిలేస్తే చాలదు. వెలుతురు లేని వేళ తెల్లారుజామున వేటకెళ్లేవాళ్లకి అది కనిపించదు. చుట్టుపక్కల ఊళ్ల బోటు సంఘాలకి ఫోన్ చేసి ఏ వైపు నుంచి పోవాలో కూడా చెప్పండి. మీ ఊరి వాళ్లకి తెలుసు. పక్కూరి వాళ్లే తగిలేది.

డైవర్ల మాట

పన్నెండు అడుగుల లోతుకి ఏం భయం అంటారు. లోతు కాదు భయం, వల. మునిగిన మరబోటు చుట్టూ వల పరుచుకుని ఉంటుంది. చూపు ఏమీ ఆనని బురద నీళ్లలో అది కాలికి చుట్టుకుంటే తెలియదు. నాకు తమ్ముడి వరసయ్యే ఒక డైవరు అలా నాలుగు నిమిషాలు ఇరుక్కుని, పైన తాడు పట్టుకున్న మనిషి గమనించడం వల్ల బతికాడు. ఆ రోజు నుంచి మా పనిలో రెండు నియమాలు: దిగేవాడి దగ్గర రెండు కత్తులు, పైన ఒక్క పనీ పెట్టుకోకుండా తాడు పట్టుకుని కూర్చునే మనిషి. గాలి కంప్రెషరు పీల్చే గొట్టం ఇంజను పొగకి గాలివాటానికి ఎదురుగా, దూరంగా ఉండాలి. ఆ పొగకి వాసన తెలిసేలోపే మనిషి స్పృహ తప్పుతాడు. గోదావరికి ఎర్రనీరు వచ్చే జులై నుంచి అక్టోబరు దాకా డైవింగు మానుకోండి. లాకుల దగ్గర, తూముల దగ్గర పని పడితే అవి మూసి, తాళం వేసి, తాళంచెవి డైవరు మనుషుల చేతిలో ఉన్నాకే దిగాలి.

చేపల గదిలోకి దిగేటప్పుడు కూడా ఇంతే జాగ్రత్త. నేను చూసిన వాటిలో అతి ఘోరమైనది బియ్యం బార్జీ. మునిగిన బియ్యం ఉబ్బి హాచ్ మూతల్ని పగలగొట్టింది. లేపాక కుళ్లిన బియ్యం గదిలో ప్రాణవాయువు లేదు, గ్యాసు నిండి ఉంది. దిగబోయిన కుర్రాణ్ని మా పెద్దసరంగు జుట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. కుళ్లిన చేపలున్న గది కూడా అలాంటిదే. మూతలు తీసి, గాలి ఆడించి, ఆ తర్వాతే మనిషి.

యజమాని వదిలేస్తే ఖర్చెవరిది?

వదిలేశానంటే బాధ్యత పోదు. ఓడరేవు హద్దుల్లో దారికి అడ్డంగా మునిగితే, తీయమని యజమానికి నోటీసు ఇవ్వడానికీ, తీయకపోతే తామే తీయించి ఖర్చు రాబట్టడానికీ అధికారులకి హక్కుంది. 1908 నాటి ఓడరేవుల చట్టంలో 14వ సెక్షన్ ఇదే చెప్పేది. 2025లో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. కాబట్టి మీ చోటు పోర్టు హద్దుల్లో ఉందో లేదో మొదట కాకినాడ పోర్టు ఆఫీసులో అడగండి. హద్దుల బయటైతే మత్స్యశాఖ, జలవనరుల శాఖ, కలెక్టరు కార్యాలయం, మూడింటికీ ఒకే అర్జీ పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మీరే చందాలతో తీసినా సరే, ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడం తప్పనిసరి. లేకపోతే రేపు ఇంజను అమ్మినప్పుడు అదే యజమాని వచ్చి దొంగతనం కేసు పెట్టగలడు. అలా పెట్టిన కేసులో నేను సాక్షిగా మూడుసార్లు కోర్టుకి తిరిగాను.

బోటుకి బీమా ఉంటే పాలసీ కాగితం మొత్తం చదివించండి. బోటు పోయినందుకు ఇచ్చే డబ్బు వేరు, మునిగినదాన్ని తొలగించడానికి ఇచ్చే డబ్బు వేరు. రెండోది లేని పాలసీలే ఎక్కువ. పెద్ద ఓడల సంగతి వేరే. 300 గ్రాస్ టన్నేజీ (బరువు కాదు, ఓడ పరిమాణపు కొలత), ఆపైన ఉన్నవాటికి తొలగింపు బీమా ఉండాలని నైరోబీ ఒప్పందం చెబుతుంది, భారతదేశం అందులో ఉంది. మీ బోటుకి అది వర్తించదు.

తీశాక ఒక్క పని మిగిలుంటుంది

బోటు గట్టెక్కిన రోజు సంబరంలో అందరూ మరిచిపోయేది దారిని ఊడ్చి చూడటం. పాత రైలు పట్టా ముక్కనో, బరువైన ఇనుప పైపునో రెండు బోట్ల మధ్య తాళ్లతో అడుగుకి అరడుగు పైన వేలాడదీసి, బోటు పడున్న చోట అటూ ఇటూ యాభై మీటర్లు నెమ్మదిగా ఈడ్చండి. ఏదైనా తగిలితే పట్టా ఆగుతుంది, డైవరు అక్కడ దిగుతాడు. సోనారు (శబ్దంతో నీటి అడుగుని చూసే పరికరం) ఉన్నా నేను ఇది మానను. సోనారులో కనపడని లంగరు కొక్కెం పట్టాకి తగిలింది నాకు.

బోటు పడున్న చోట గుంట ఉంటుంది, దాని పక్కన మేట ఉంటుంది. గుంట ఒక పెద్ద వరదకి పూడుతుంది. మేట మాత్రం తనంతట కరగకపోవచ్చు. మళ్లీ లోతు కొలిచి, అవసరమైతే పొక్లెయిన్ ఎలాగూ పాంటూన్ మీదే ఉంది కాబట్టి అప్పుడే తవ్వించేయండి. ఖర్చు కలిసొస్తుంది.

మీరు పని మొదలుపెట్టే ముందు నాకు మూడు సంగతులు తెలిస్తే ఇంకా వివరంగా చెప్పగలను: బోటు ఏ పక్కకి వాలి ఉంది, గునపం ఎంత లోతు దిగింది, డీజిల్ ఎన్ని లీటర్లు ఉండొచ్చని యజమాని అంటున్నాడు. ఈ మూడూ వచ్చే అష్టమి తర్వాత ఒకటి రెండు రోజుల్లో చూసి రాయండి. నీళ్లు నిలిచిన వేళే దిగమని మీ డైవరుకి చెప్పండి.